పళ్లెం బ్రేకుల వల్ల ప్రజలకు కలిగిన నష్టం

కారుకు బ్రేకులు సరిగ్గా పడకపోవడమే మంచిది. పడే బ్రేకులు ఊరికి అరిష్టం.

ఈ మాట నేను తమాషాకు అనడం లేదు. బడిపంతులుగా రిటైరైన మనిషిని. తమాషాలు నాకు చేతకావు. పోయినేడాది మా గట్టుమీదిపల్లిలో ఒక కారు ఆగవలసిన చోట ఆగింది. దానివల్ల ఒక పెద్దమనిషి పరువు, ఒక మంచి తాళం, ఒక ఆఫీసరుగారి మధ్యాహ్నం కునుకు పాడయ్యాయి. ఇతర ఊళ్లవాళ్లయినా ముందుగా జాగ్రత్తపడతారని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు పేరుకు తగ్గట్టే గట్టు మీద ఉంటుంది. ఊళ్లోంచి బాట ఏటవాలుగా వాగుదాకా దిగి, వాగు దాటి మళ్లీ ఎక్కి, కట్టంగూరు దగ్గర పెద్ద రోడ్డును కలుస్తుంది. అక్కడినుంచి నల్గొండకు పోవాలి. ఊరందరికీ కలిపి కారు ఒక్కటే. అది బుచ్చయ్య పటేలుది. నడిపేది ఆయన కొడుకు అమరేందర్. హైదరాబాదులో డిగ్రీ చదివి, నౌకరీ వద్దని ఇంటికొచ్చి వ్యవసాయం చూసుకుంటున్నాడు. రోగమొచ్చినా, పెళ్లిచూపులైనా, కోర్టు పేషీ ఉన్నా మాకు ఆ కారే దిక్కు. ఎవరడిగినా అమరేందర్ లేదనడు.

అది పాత విలాయతి కారు. బ్రేకు తొక్కితే ఆలోచనలో పడేది. ఆగాలా వద్దా అని ఒక చేను దాటేదాకా ఆలోచించేది. ముందు చక్రాలు కొంచెం మాట వినేవి. వెనక చక్రాలకు చెవుడు. నిజం చెప్పాలంటే ఆ కారును ఆపేది బ్రేకులు కావు, వాగు అవతలి ఎక్కుడు.

ఇందువల్ల ఊరికి ఎంత మేలు జరిగిందో చూడండి.

మొదటిది మర్యాద. హారను పనిచేయదు గనుక అమరేందర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "మామా, జర పక్కకు జరుగు", "అవ్వా, గా గంప ఎత్తుకో" అని దూరం నుంచే వరసలు పెట్టి పిలిచేవాడు. బ్రేకులున్న వాడు అవ్వను అవ్వా అంటాడా? పట్నంలో బ్రేకులున్న వాళ్లు ఎట్లా పిలుస్తారో నేను స్వయంగా విన్నాను.

రెండోది ముందుచూపు. దిగవలసిన వాడు ఎక్కేటప్పుడే చెప్పాలి. దారిలో గుర్తుకొస్తే లాభం లేదు. మా ఊళ్లో ఎందరో జీవితంలో మొదటిసారి, తాము ఎక్కడికి పోతున్నదీ ముందుగా ఆలోచించుకున్నది ఆ కారు ఎక్కేటప్పుడే.

ఐకమత్యం సంగతి చెప్పనే అక్కరలేదు. పొలం గెట్టు తగాదాలో తలలు పగులగొట్టుకున్న అన్నదమ్ములిద్దరు ఒకే వాయిదాకు ఆ కారులో పోతూ, దిగుడు మొదలుకాగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నేను ముందు సీట్లోంచి కళ్లారా చూశాను. ఏ న్యాయస్థానం చేసిందండీ ఆ పని?

బర్రెలు సైతం నేర్చుకున్నాయి. కారు చప్పుడు వినగానే దారి వదిలి, కట్టమీద వరుసగా నిలబడి చూసేవి.

ఇవన్నీ ఒక ఎత్తు, దవాఖాన ఒక ఎత్తు.

గట్టు దిగే చోట, వాగుకు కొంచెం ఇవతల, సర్కారు మాకొక దవాఖాన కట్టించింది. జాగా ఇచ్చింది బుచ్చయ్య పటేలే. పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, మేళం వాయించారు. ఆ రోజు తెల్లకోటు వేసుకున్న డాక్టరు ఒకాయన దండ వేయించుకున్నాడు కూడా. కానీ మా కారు అక్కడికి చేరేసరికి దిగుడు పరుగు అందుకుని ఉండేది. రోగిని పడుకోబెట్టుకుని పోతూ, దవాఖాన ముందునుంచే సర్రున దాటిపోయి, వాగు అవతలి ఎక్కుడులో ఆగేవాళ్లం. అక్కడిదాకా వచ్చాక వెనక్కు తిరగడం ఎందుకని నల్గొండ పెద్ద దవాఖానకే పోయేవాళ్లం.

దారిలో కొందరు రోగులు చేతులెత్తి మా దవాఖానకు దండం పెట్టేవారు.

"దవాఖాన ఉన్నది, డాక్టరున్నడు, మందులున్నయి. మన కారుకే బ్రేకులు లేకపాయె" అని ఊరంతా అనుకునేది. సర్కారు మీద ఒక్క మాట లేదు. డాక్టరు మీద ఒక్క ఫిర్యాదు లేదు. దేశంలో ప్రజలు ఇంత తృప్తిగా ఉన్న ఊరు ఇంకొకటి చూపించండి.

నడిచిపోయే వాళ్లకు కనబడదా అని మీరడగవచ్చు. పనులకు పోయేవాళ్లు పొద్దెక్కకముందే పోతారు, పొద్దుగూకి వస్తారు. ఆ వేళల్లో తలుపులకు తాళం ఉండడం న్యాయమే. నడవగలిగిన వాడికి దవాఖానతో పనేముంది? పని ఉన్నవాడు కారులో పోతున్నాడు. కారు ఆగడం లేదు. ఏర్పాటు అంత పద్ధతిగా కుదిరింది.

దాన్ని చెడగొట్టింది ఒక దుఃఖం. అది మాత్రం తమాషా కాదు గనుక మామూలుగా చెప్తాను.

బీరన్న గొర్లు కాసుకునే మనిషి. భార్య యాదలక్ష్మి. ఆమె తొలిచూలు కాన్పు కష్టమైతే కారులో నల్గొండకు తీసుకుపోయారు. కట్టంగూరు దాటాక, కారులోనే, బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. బీరన్న ఆ తర్వాత చాలా రోజులకు ఒకనాడు పటేలు వాకిట్లో కారు తుడుస్తున్న అమరేందర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేనక్కడే ఉన్నాను.

"చిన్న పటేలా, నిన్ను తప్పు పడుతలేను" అన్నాడు. "అర్ధమ్మరాత్రి అన్నా, ఎప్పుడన్నా కారు తీసినవ్. కాకపోతే ఒక్కటే మనసుల పడ్డది. గా దవాఖానకాడ కారు ఆగుంటే నా బిడ్డ బతుకునేమో."

అమరేందర్ తుడుస్తున్న గుడ్డ పిండి ఆరేశాడు. లోపలికి పోయి ఆ పూట అన్నం తినలేదని తర్వాత వాళ్లింట్లో చెప్పారు.

యాదలక్ష్మి మళ్లీ నీళ్లోసుకుందని తెలిసిన నాడే అమరేందర్ కారు తీసుకుని నల్గొండలో మల్లప్ప దగ్గరికి పోయాడు. తోడుగా నేనూ పోయాను.

మల్లప్ప షెడ్డులో దొరకని సామాను ఉండదు. ఉన్న సామాను ఏ బండిదో ఎవరికీ తెలియదు. మాటకు ముందే జవాబు చెప్పే మనిషి. చక్రం విప్పి చూపించాడు. లోపల డోలు లాంటి ఇనుప గిన్నె ఉంది. బ్రేకు తొక్కితే రెండు నెలవంక చెక్కలు విచ్చుకుని ఆ డోలును లోపలినుంచి అదమాలి.

"ఇండ్ల తేమ జేరె, దుమ్ము జేరె, డోలు అరిగిపాయె. ఇగ ఇది వాయించుకునుడే" అన్నాడు మల్లప్ప.

ఒక మూలనుంచి గోనెపట్టా తీసి ఇంకో సామాను బయటపెట్టాడు. హైదరాబాదులో ఎవరిదో పెద్ద విలాయతి కారు ముందుభాగం బండకు గుద్దుకుని నుజ్జయిందట. వెనక భాగానికి ఏమీ కాలేదు. ఆ వెనక చక్రాల బ్రేకులు ఇవి. డోలు లేదు. మెరిసే ఇనుప పళ్లెం. దాన్ని రెండు వైపులా పట్టుకునే పటకారు. అంతే.

"డిస్కు బ్రేకులు" అన్నాడు అమరేందర్. కళ్లు పెద్దవయ్యాయి. "ఇంగ్లీషు పత్రికల చదివిన. మన దిక్కు ఇంకా రాలే."

"నా దిక్కు వచ్చినయి గద. ఎనక చక్రాలకు పెడుత. కారు ఏడంటే ఆడ ఆగుతది."

"మరి హ్యాండ్‌బ్రేకు?"

మల్లప్ప తల గోక్కున్నాడు. హ్యాండ్‌బ్రేకు తీగ డోలులోని చెక్కలకు తగులుకుని ఉంటుందట. డోలే పోతే తీగకు పట్టు లేదు. "ఆగాలెనా, ఆగినంక నిలవాలెనా? ఏదో ఒకటి చెప్పు. రెండూ అంటే నాతోని గాదు."

"ఆగాలె" అన్నాడు అమరేందర్.

పీర్ల పండుగ అయ్యాక పోయిన కారు బతుకమ్మ నాటికి ఇంటికొచ్చింది. ఈలోగా మల్లప్ప పళ్లేలను ఎన్నిసార్లు సాన పట్టాడో, ఎన్ని ఇరుసు పట్టీలు చేసి పారేశాడో నేను రాయను. వచ్చిన రోజున ఊరంతా చుట్టూ మూగింది. అమరేందర్ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, మా ఇంటి ముందు ఆపి చూపించాడు. కారు అక్కడికక్కడే ఆగింది. నేనాగలేదు. నా నొసలు అద్దానికి తగిలి ఉబ్బింది. వెనక చక్రాలు ముందుగా ఆగిపోవడంతో ముందు చక్రాలు తెల్లబోయి, కారు తోక పక్కకు తిరిగేది. మెత్తగా తొక్కడం నేర్చుకోవడానికి అమరేందర్‌కు కొన్నాళ్లు పట్టింది.

ఆగిన కారు నిలవడానికి మాత్రం రాయి కావాలి. వాగులోంచి బలమైన బండరాయిని తెచ్చి వెనక సీట్లో పెట్టారు. తలుపు పక్కన కూర్చున్నవాడు దాన్ని ఒళ్లో పెట్టుకోవాలి. కారు ఆగగానే దిగి చక్రం కింద వేయాలి. అప్పటిదాకా అమరేందర్ బ్రేకు మీది కాలు తీయడు. ఆ రాయి పట్టుకునే పెద్దరికం కోసం మా ఊళ్లో పంచాయతీ జరిగింది. చివరికి, ఎవరి పని మీద కారు పోతే వాళ్లే పట్టుకోవాలని తీర్మానమైంది.

ఊరి మర్యాద అప్పుడే తగ్గడం మొదలైంది. ఇక ఎవరిని మామా అని ముందుగా పిలవాలి? బర్రెలు రెండు రోజుల్లోనే కనిపెట్టాయి. దారి మధ్య పడుకుని నెమరేసేవి. కారు వాటి ముందుకొచ్చి ఆగి, అవి లేచేదాకా నిలబడేది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం యాదలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. నర్సింగమ్మ వచ్చి చూసింది. మా ఊరి మంత్రసాని. అమరేందర్‌తో సహా ఊళ్లో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. కొంతసేపటికి బయటకు వచ్చి, "బిడ్డ కాళ్లు ముందుగాల వస్తున్నయి. నా ఒక్కదానితోని ధైర్యం లేదు. దవాఖానకు నడువుండ్రి" అంది.

కారు బయలుదేరింది. వెనక యాదలక్ష్మి నర్సింగమ్మ మీద ఒరిగి పడుకుంది. తలుపు పక్కన బీరన్న, ఒళ్లో రాయి. డాక్టరుతో మాట్లాడడానికి చదువుకున్నవాడు ఉండాలని నన్ను ముందు కూర్చోబెట్టారు. దిగుడులో యాదలక్ష్మి పళ్ల మధ్యనుంచి, "ఆగుతదా?" అని అడిగింది.

"ఆగుతది చెల్లె" అన్నాడు అమరేందర్.

ఆగింది. దవాఖాన గేటు ముందర, గీత గీసినట్టు ఆగింది.

ఒక్క క్షణం మేమెవరమూ కదలలేదు. ఇన్నేళ్లుగా పరుగెత్తుతూ చూసిన దవాఖానను అంత దగ్గర్లో, నిలకడగా చూడడం అదే మొదటిసారి. సున్నం రాలిపోయి ఉంది. అరుగు మీద మేకల పెంటికలున్నాయి. తలుపుకు తాళం ఉంది.

బీరన్న దిగి చక్రానికి రాయి వేయవలసింది. అదే సమయానికి యాదలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన రాయిని చంకలో ఇరికించుకుని రెండు చేతులా భార్యను దించాడు. తాళం చూసిన అమరేందర్ బ్రేకు మీది కాలు తీసి ఒక్క దూకు దూకాడు. అందరం అరుగు ఎక్కాం. కారు మాత్రం ఎవరికీ చెప్పకుండా, మెల్లగా దొర్లుకుంటూ పోయి, వాగు ఇసుకలో ముందు చక్రాలు దించి కూర్చుంది. ఇక నల్గొండ మాట లేదు.

అమరేందర్ తలుపు దబదబ బాదుతున్నాడు. "డాక్టర్ సాబ్, డాక్టర్ సాబ్."

"గంత తాళం కండ్ల ముందట పెట్టుకొని ఎవల్ని పిలుస్తున్నవ్ కొడుకా?" అంది నర్సింగమ్మ. తర్వాత బీరన్న వైపు తిరిగింది. "నీ చంకల రాయి ఎందుకున్నది? కొట్టు."

బీరన్న కొట్టాడు. తాళం మంచిది, ఒక దెబ్బకు ఊడలేదు. ఊడేదాకా కొట్టాడు.

లోపల డాక్టరు లేడు. మంచం లేదు. మందులు లేవు. గోడ నుంచి గోడదాకా, దూలాల ఎత్తున ఆముదాల సంచులున్నాయి. ప్రతి సంచి మీదా నల్లరంగుతో పెద్దదిగా "బు" అని రాసి ఉంది.

నర్సింగమ్మ చదువుకోలేదు గనుక ఆ అక్షరం ఆమెను ఆపలేదు. "నిలబడి చూస్తరేంది? సంచులు దించి పరువుండ్రి. నీళ్లు కాగవెట్టుండ్రి" అంది. అమరేందర్, బీరన్న సంచులు దించి వరసగా పరిచారు. దాని మీద నా పైపంచె, బీరన్న గొంగడి వేశాం. యాదలక్ష్మిని పడుకోబెట్టాక మమ్మల్ని బయటికి తోలి తలుపు దగ్గరగా వేసింది.

అరుగు మీద బీరన్న మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. అమరేందర్ మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఎవరి చేలోంచో తెచ్చిన కుండలో నీళ్లు కాస్తున్నాడు. పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ అన్నాడు.

"సారూ, గీ సంచులు నేనే దగ్గరుండి తూకం వేయించిన."

"ఎక్కడ పెట్టారో అడగలేదా?"

"అడగలే. బాపు బండ్లు కట్టించిండు, పోయినయి. అమ్ముడు పోయినయనుకున్న."

బండ్లు తోలిన జీతగాళ్లకు తెలిసే ఉండాలి గదా అని మీకు తోచవచ్చు. తెలుసు. జీతగాళ్లను ఎవరడిగారు?

లోపలినుంచి యాదలక్ష్మి అరుపు వినబడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. బీరన్న తల ఎత్తాడు. పోయిన కాన్పులో కూడా ఇట్లాగే చప్పుడు ఆగిందట. అమరేందర్ పొయ్యి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. చేతిలోని పుల్ల కాలి వేళ్లదాకా వచ్చినా పారేయలేదు.

అప్పుడు లోపల చెంప మీద కొట్టినట్టు చిన్న చప్పుడైంది. బిడ్డ ఏడ్చింది.

ఆడపిల్ల. తల్లి నీరసంగా ఉంది గానీ బాగానే ఉంది. నర్సింగమ్మ బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "గా సంచులు లేకపోతే బండల మీదనే పండవెట్టేదుంటిమి" అంది. పటేలు ఆస్తిపాస్తుల గురించి ఊళ్లో విన్న మంచిమాట నాకు తెలిసి అదొక్కటే.

అమరేందర్ ఒక సంచి భుజాన వేసుకుని గట్టు ఎక్కాడు. నేను వెనక ఎక్కాను. బుచ్చయ్య పటేలు వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నాడు. కొడుకు సంచి తెచ్చి ఆయన కాళ్ల ముందు దించాడు.

"బాపూ, గిది మనదేనా?"

"మన గుర్తున్నంక మనది గాక ఎవలది?"

"దవాఖానల ఎందుకున్నది?"

"డాక్టరు లేకపాయె. ఉత్తగున్న జాగ. నేను గాకపోతే పందికొక్కులు జేరుతుండె."

"డాక్టరు ఎందుకు లేడు?"

"వచ్చిండు. లోపట జాగ లేదని వాపసు పోయిండు."

నేను లెక్కలు చెప్పినవాణ్ణి. వృత్తలేఖినితో గీసినా అంత గుండ్రంగా రాదు. డాక్టరు లేడు గనుక సంచులున్నాయి. సంచులున్నాయి గనుక డాక్టరు లేడు. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వస్తాం.

అమరేందర్ గొంతు పెంచలేదు. "బీరన్న తొలిచూలు బిడ్డ సచ్చిపోయినప్పుడు, కారు ఆగలేదని ఇన్నొద్దులు నన్ను నేను తిట్టుకున్న బాపూ. ఆగినా గీ సంచులే ఉండె."

పటేలు చేతిలోని చుట్ట ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకోలేదు.

మర్నాడు అమరేందర్ బండ్లు కట్టించి, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా సంచులన్నీ ఇంటికి తోలించాడు. సంచులు మోసినవాళ్లలో తనూ ఉన్నాడు. తండ్రికి కోపం వచ్చింది. కోపం సంచులు తెచ్చినందుకు కాదు, పట్టపగలు తెచ్చినందుకు. ఇంట్లో తండ్రీ కొడుకులకు మాటలు బందయ్యాయి.

ఈ దవాఖానలను చూసుకునే ఆఫీసరుగారు ఒకరున్నారు. పేరు రాయను. దౌరా మీద ఈ వైపు వచ్చినప్పుడల్లా ఆయన భోజనం పటేలు ఇంట్లోనే. ఆ వారం విస్తరి ముందు కూర్చున్నప్పుడు పటేలు, "దవాఖాన తాళం పగులగొట్టిన్రు" అని ఒక్క మాట అన్నాడట. ఎవరి తాళమో చెప్పలేదు. ఆఫీసరుగారు కునుకు కూడా తీయకుండా లేచి, ఒక జవానును వెంటబెట్టుకుని జీపులో దవాఖాన దగ్గరికి దిగారు. పటేలుతో సహా ఊరంతా వెనకే దిగింది.

విరిగిన తాళం అరుగు మీదే ఉంది. ఆఫీసరుగారు దాన్ని చేతి రుమాలుతో పట్టుకుని పైకెత్తి చూపించారు.

"ప్రభుత్వం తాళం పగులగొట్టడం చిన్న నేరం కాదు. ఎవరు చేశారు?"

"నేనే సారూ" అన్నాడు బీరన్న. "రాయి నాదే, చెయ్యి నాదే."

"ఇతన్ని జీపు ఎక్కించు" అన్నారు జవానుతో.

యాదలక్ష్మి పసిగుడ్డును ఎత్తుకుని గుంపులో నిలబడి ఉంది. బాలెంత గాలికి రాకూడదని ఎంత చెప్పినా వినలేదు. ఏడవలేదు. భర్త వెంట తనూ జీపు వైపు నడిచింది.

అమరేందర్ ముందుకొచ్చాడు. జేబులోంచి ఒక తాళపుచెవి తీశాడు. వాళ్లమ్మ కొంగుకు ఉండే గుత్తిలోది. ఆఫీసరుగారి చేతిలోని తాళంలో పెట్టి తిప్పాడు. వంకరపోయినా లోపల మర అటూ ఇటూ తిరిగింది.

"గిది సర్కారు తాళం గాదు సార్. మా ఇంటిది."

ఆఫీసరుగారు పటేలు వైపు చూశారు. "ఈ తాళం మీదా?"

ఆయన కాదంటే బీరన్న జైలుకు పోతాడు. అవునంటే ఆ సంచుల సంగతి ఊరి ముందర తన నోటితో ఒప్పుకున్నట్టే. పటేలు కొడుకు వైపు చూశాడు. జీపు పక్కన నిలబడిన బాలెంత వైపు చూశాడు. ఆమె చేతిలోని బిడ్డ ఆవలించింది.

"నాదే" అన్నాడు బుచ్చయ్య పటేలు. "సర్కారుకు తాళం గూడ లేకపాయె. నాదే ఏసిన. గాయనను దించుండ్రి."

ఆ తర్వాత తలకు రుమాలు చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా గట్టు ఎక్కాడు. కొంతదూరం పోయాక అమరేందర్ పరుగెత్తి పక్కన కలిసి నడిచాడు. ఇద్దరూ ఏమన్నా మాట్లాడుకున్నారో లేదో కింద ఉన్న మాకు వినబడలేదు. ఆ సాయంత్రం మాత్రం ఒకే అరుగు మీద కూర్చున్నారు.

ఆఫీసరుగారికి ఊపిరాడింది. ప్రైవేటు తాళమైతే శాఖకు సంబంధం లేదు. సంచులు ఇప్పుడు లేవు గనుక, అవి ఉండేవనడానికీ ఆధారం లేదు. గుంపును చూసి నాలుగు మంచిమాటలు చెప్పాలనిపించింది.

"ఈ దవాఖానలో ఒక కాన్పు జరిగింది. తల్లీ బిడ్డా క్షేమం. అంటే దవాఖాన చక్కగా పనిచేస్తున్నట్టే. ఇది మనందరికీ సంతోషం."

"కాన్పు నర్సింగమ్మ జేసింది సారూ" అంది యాదలక్ష్మి. "ఆమెకన్నా జీతమియ్యుండ్రి. లేకుంటే డాక్టరునన్నా తోలుండ్రి. జాగ ఖాళీగనే ఉన్నది."

"ఆ విషయం పరిశీలనలో ఉందమ్మా" అని ఆఫీసరుగారు జీపు ఎక్కారు. ఇది రాస్తున్న నాటికీ పరిశీలనలోనే ఉంది. నర్సింగమ్మ పొద్దున్నే వచ్చి ఆ అరుగు మీద కూర్చుంటోంది. కాలు బెణికినా, కడుపు నొచ్చినా జనం ఆమె దగ్గరికే పోతున్నారు. బీరన్న బిడ్డ బోర్లా పడుతోంది.

ఇంత అనర్థం చూశాక, పాత డోలు బ్రేకులే మళ్లీ పెట్టించమని పటేలుకు నేనే సలహా ఇచ్చాను. ఆయనకూ నచ్చింది. కానీ మల్లప్ప పాత డోళ్లను కుంపట్లు చేసేశాడు. ఇప్పుడు వాటిలో బొగ్గులు పోసి షెడ్డులో చాయ కాస్తున్నాడు. కాబట్టి పళ్లెం బ్రేకులే ఉండిపోయాయి. కారు పోయిన ప్రతిసారీ అమరేందర్ దవాఖాన ముందర ఆపుతాడు. రాయి వేయిస్తాడు. అందరూ దిగి లోపలికి తొంగిచూస్తారు. డాక్టరు లేడని కళ్లారా చూసి, ఎక్కి, నల్గొండ పోతారు. తిరిగొచ్చాక మా ఇంటికి వచ్చి సర్కారుకు అర్జీ రాయమంటారు. తృప్తిగా బతికిన జనం నోట ఇప్పుడు ఎప్పుడు చూసినా ప్రశ్నలే. నాకు పగటి నిద్ర కూడా కరువైంది.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. జిల్లాలో సరిగ్గా ఆగే బండ్లన్నింటినీ వెంటనే స్వాధీనం చేసుకోవాలి. దవాఖానలకు డాక్టర్లను, బడులకు పంతుళ్లను వెతికి పంపడం కంటే ఇది ఎంతో సులువు.

మొన్న నల్గొండ పోయినప్పుడు మల్లప్ప షెడ్డులో ఆఫీసరుగారి జీపు కనబడింది. చక్రాలు కడిగిస్తున్నారు. దాన్ని చూడగానే ఆ పెద్దమనిషి మీద నాకు జాలి కలిగింది. ఇన్నేళ్లుగా మా దవాఖాన ముందునుంచే పటేలు ఇంటికి భోజనానికి వచ్చిపోయారు గదా. ఒక్కసారైనా దాని ముందర ఆగింది లేదు. పాపం, ఆ జీపుకూ మా కారు పాత జబ్బే ఉండి ఉంటుంది. పైకి చెప్పుకోలేక బాధపడుతున్నారేమో.

"మల్లప్పా, ఈ జీపుకు కూడా పళ్లెం బ్రేకులు పెట్టరాదా?" అన్నాను.

మల్లప్ప చాయ గ్లాసు కింద పెట్టి నా వైపు వింతగా చూశాడు.

"గీ జీపుకా? దీని బ్రేకులకు ఏం రోగం సారూ? కొత్తగ వచ్చిన్నాటి సంది నేనే చూస్తున్న. కాలు పెడితే చాలు, ఏడ ఆపాలంటే ఆడ ఆగుతది."